తొలి ఇటుక తీసే చెయ్యి

మధ్యాహ్నం రెండున్నరకి ఆ ఇంట్లోకి వచ్చి యమున చేసిన మొదటి పని చూసి ఎస్సై భాస్కర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చేతిసంచి తలకింద పెట్టుకుని, మనిషి చచ్చిపోయిన చోటికి నాలుగడుగుల దూరంలో, నేల మీద వెల్లకిలా పడుకుంది.

"పడుకోడానికి విజయనగరం నుంచి రావాలేటండీ? మా స్టేషన్లో బల్ల ఉన్నాది, ఫేను కూడా తిరుగుతాది," అన్నాడు భాస్కర్.

"అక్కణ్ణుంచి ఈ అటక కనపడదు కదండీ," అంది యమున, కళ్ళు మూసుకునే.

ఆవిడ పద్ధతే అంత. పదకొండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, అది వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా ఆ అలవాటు మాత్రం పోలేదు. నేరం జరిగిన చోట కాసేపు మగతగా పడుంటే అక్కడి వస్తువులు వాటంతటవే కళ్ళలోకి వస్తాయని ఆవిడ నమ్మకం. ఒకప్పుడు ఆవిడతో ఒకే స్టేషన్లో పనిచేసిన భాస్కర్ దానికి 'కునుకు దర్యాప్తు' అని పేరు పెట్టి నలుగురిలో నవ్వేవాడు. అలా నవ్విన రెండు కేసుల్లోనూ ఆవిడ కునుకే గెలిచింది. ఆ మంట అతనికి ఇంకా ఆరలేదు.

ఊరు మామిడివలస, చీపురుపల్లికి ఆరు కిలోమీటర్లు. ఇల్లు జగన్నాధానిది. ముందు హాలుకీ నడిమి గదికీ మధ్య ఉన్న గోడ తీయించాలని ఆయన సంకల్పం. గురువారం పొద్దున్న ఏడూ నలభైకి ఆయనే మొదటి ఇటుక ఊడదీశాడు. తీసీ తీయగానే గోడ మీద ఆనుకున్న సిమెంటు అటక విరిగి నెత్తిన పడింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. పని ఒప్పుకున్న తాపీమేస్త్రి సత్యం ఇప్పుడు బయట అరుగు మీద, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఐదింటికి అతన్ని జీపెక్కించి జడ్జి ముందు నిలబెట్టాలని భాస్కర్ పట్టుదల. అరవై రెండేళ్ళ మనిషి, గుండెజబ్బు ఉంది, హత్యానేరం మీద లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి రాడని అతని భార్య ఎలీసమ్మ భయం. ఆ భయంతోనే ఆవిడ ఇవాళ, శనివారం పొద్దున్న తొలి బస్సుకి విజయనగరం వచ్చి యమున తలుపు కొట్టింది.

"కళ్ళు మూసుకునే వినండి, టైములు సెప్తాను," అన్నాడు భాస్కర్. "బుధవారం మధ్యాహ్నం రెండింటికి జగన్నాధం ఈ ముసలోణ్ణి వీధిలో పెట్టి తిట్టినాడు. నీ చేతులు వణుకుతన్నాయి, ఇంజినీరు పృథ్వీరాజ్‌కే పని ఇవ్వాల్సింది, నా పెళ్ళాం మాట విని చెడిపోనాను అన్నాడు. పదిమంది విన్నారు. సాయంత్రం ఐదింటికి మేస్త్రి అటక కింద రెండు సరుగుడు కర్రలు ఆసరాగా పోటు పెట్టి ఎల్లిపోనాడు. పొద్దున్న అటక పడ్డాక చూస్తే ఆ కర్రలు బిగిసుండడానికి అడుగున కొట్టే చెక్క చీలికల్లేవు. అటక కింద మూడు ఇటుకలు ముందే ఊడదీసి మళ్ళీ పెట్టినట్టున్నాయి. ఇలాటి పని చెయ్యడం మేస్త్రికి తప్ప ఇంకెవులికి తెలుస్తాది? పైగా అడిగితే నోరిప్పడు."

"నోరిప్పకపోవడం నేరమైతే ఆయనకంటే ముందు నన్ను జైల్లో పెట్టాలి."

"ఐదు దాటితే నిమిషం ఆగను."

"ఐదు అవనివ్వండి మరి," అంది యమున.

భాస్కర్ విసురుగా బయటికి పోయాడు. కరెంటు లేదు. గోడకి పడ్డ కంతలోంచి నడిమి గది వెలుతురు హాల్లోకి వస్తోంది, అందులో సున్నపు దుమ్ము ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉంది. కంత అవతల పాత చీరలు కప్పిన కుట్టుమిషన్లు వరసగా కనిపిస్తున్నాయి. అది జగన్నాధం భార్య తాయారు కుట్టుపని నేర్పే గది. మనిషి పోయిన ఇల్లని గుర్తుచేసుకోకపోతే, పిల్లలందరూ మధ్యాహ్నం నిద్రకి పడుకున్న బడిలా ఉంది. యమున కళ్ళు సగం మూతపడ్డాయి. విరిగిన అటక, సగం గోడ, దుమ్ము, మళ్ళీ అటక. అటక అంచుకీ మిగిలిన ఇటుకకీ మధ్య ఏదో నీలంగా మెరిసినట్టు అనిపించింది. కలలో రంగేమో అనుకుని కళ్ళు నలుపుకుంది. ఆ నీలం అక్కడే ఉంది.

ముక్కాలిపీట ఎక్కి రెండు వేళ్ళతో లాగితే వచ్చింది. గుడ్డపీలిక. మూడు మడతలు పెట్టి, గోటితో గట్టిగా నొక్కినది. పక్క సందులో ఆకుపచ్చది ఇంకోటి. ఆ ఇటుకల మధ్య సున్నం నడిమి గదివైపు నుంచి సన్నగా, ఓపిగ్గా గీకేసి ఉంది. కర్రల అడుగున నేల మీద కొత్త గీతలున్నాయి, వాటిలో పచ్చి చెక్క పొట్టు కూడా ఇరుక్కుని ఉంది. అంటే సత్యం చీలికలు బిగించే వెళ్ళాడు. తర్వాత ఎవరో పీకేశారు.

యమున అరుగు మీదికి వచ్చి భాస్కర్ చేతిలో ఆ పీలికలు పెట్టింది. "ఇటుక వదులుగా ఉంటే మేస్త్రి అన్నవాడు ఏం దోపుతాడండీ?"

"పెంకు ముక్క దోపుతాడు."

"గుడ్డని బట్టల కొట్లో పెట్టినంత నీటుగా మడతపెట్టి దోపుతాడా?"

భాస్కర్ ఆ పీలికల్ని అటూ ఇటూ తిప్పాడు. "పక్కనే కుట్టుగది. చేతికి అందినాయి, దోపినాడు. చప్పుడవకుండా ఉంటాదని. ఈమాత్రం దానికి అటక కింద నిద్రపోవాలా?"

వాదన అలాగే సాగితే ఐదు ఇట్టే అవుతుందని యమునకి తెలుసు. అతన్నక్కడే వదిలి సత్యం పక్కన చతికిలపడింది. ఎలీసమ్మ స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"మేస్త్రిగారూ, చీలికలు మీరు బిగించారు కదా?"

"బిగించకుండా ఇంటికెల్లి అన్నం తినగలనా తల్లీ. నాలుగు దెబ్బలేసి, కర్ర ఊపి సూసి మరీ ఎల్లినాను."

"ఆ మాట ఎస్సైగారికి ఎందుకు చెప్పలేదు?"

సత్యం కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎలీసమ్మకి ఓపిక నశించింది. "సెప్పవయ్యా. రెండు రోజులై రాయిలాగ కూకున్నావు. నువ్వు సెప్పకపోతే నాను ఈ అరుగు మీదే పానం ఒగ్గేస్తాను."

అతను చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. సున్నంతో వేళ్ళ సందులన్నీ తెల్లబడి ఉన్నాయి.

"పద్దతి తప్పినాను తల్లీ. ఇంట్లో గోడ తియ్యాలంటే కట్టినోడే తియ్యాల. ఇరవై రెండేళ్ళ కిందట ఈ గోడ కట్టింది నానే. అయితే తొలి ఇటుక మేస్త్రి ముట్టకూడదు. ఆ ఇంట్లో పొయ్యి ముట్టించే ఇల్లాలు పసుపు రాసి, దణ్ణమెట్టి, తన చేత్తో తియ్యాల. గోడ దగ్గిర సెలవు తీసుకున్నట్టన్నమాట. మా నాన్న నేర్పినాడు. పాస్టరుగారు ఇదేటని కేకలేస్తారు గాని నాను మానలేదు. బుధవారం సాయంత్రం అటక కిందుగా తాయారమ్మ చేతికందే ఇటుక సూసి దానికి బొట్టు కూడా పెట్టించినాను."

"కానీ తీసింది జగన్నాధంగారు."

"గురువారం ఏడూ పదికి కోటబొమ్మాళి నుంచి ఫోనొచ్చినాది. తాయారమ్మ పెదనాన్న పోనాడంట. మైల కదమ్మా, ఇంక ఆయమ్మ ముట్టకూడదు. ఆయన చేత తీయించీయండి మేస్త్రీ అన్నాది. ఇల్లాలికి కుదరకపోతే పెనిమిటి తియ్యొచ్చని సెప్పింది నానే గాని, అలా ఎక్కడా చేసి ఎరగను. మనసు పీకినా ఊరుకున్నాను. అందుకే పడినాది. ఇల్లాలి ఇటుక మొగోడి చేతికిచ్చినోణ్ణి, నాను ఇంక ఎస్సైగారికి ఏటి సెప్పుకోను?"

ఎలీసమ్మ అతని వైపే చూసింది. ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి, ఇంత వెర్రివాడని ఆవిడకి ఇవాళే తెలిసినట్టుంది. తర్వాత పక్కన కూలబడి అతని చెయ్యి పట్టుకుంది.

యమున లేచి భాస్కర్‌ని పక్కకి పిలిచింది. "విన్నారుగా. గురువారం ఏడూ పది దాకా ఆ ఇటుక తీయవలసింది తాయారు. బుధవారమే చీలికలు పీకిన వాడికి అటక ఎవరి మీద పడుతుందని లెక్క? జగన్నాధం మీద కోపం ఉన్నవాడు ఆయన భార్యకి ఉచ్చు పన్నుతాడా? అదీ తనకి ఈ పని ఇప్పించిన మనిషికి?"

భాస్కర్ మీసం సవరించుకున్నాడు. ఓటమి ఒప్పుకునే అలవాటు అతనికి లేదు. "అయితే తాయారునే చంపాలనుకున్నాడు. కారణం జైల్లో సెప్తాడు."

"కారణం బయటే దొరికితే?"

"దొరకబుచ్చుకోండి. మూడున్నరైంది."

నడిమి గదిలో తాయారు గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి, పొట్టి మనిషి. ఆడపడుచులు పెరట్లో ఏవో మాట్లాడుకుంటున్నారు, వాళ్ళ మాటలు ఆవిడ చెవిలో పడుతున్నట్టు లేదు. ఈవిణ్ణి ఎవరో చంపబోయారని యమునకి లోపల కంగారుగానే ఉంది. మెల్లగా మొదలుపెట్టింది.

"ఇంజినీరు ఉండగా సత్యం మేస్త్రి చేతే తీయించాలని మీరెందుకు పట్టుబట్టారండీ?"

"ఇంజినీరు మనుషులైతే మిషనెట్టి పొద్దెక్కకుండా నేలమట్టం చేసీస్తారమ్మా. మేస్త్రి అలాక్కాదు. గోడకి మర్యాద చేస్తాడు."

"అసలు గోడ తీయడం మీకిష్టమేనా?"

తాయారు మిషన్ల వైపు చూసింది. "ఆయనకి ముందు వైపు ఎరువుల దుకాణం పెట్టాలని ఉండేది. ఈ గది కలిపేస్తే గాని సరిపోదన్నాడు. మరి నా దగ్గిర నేర్చుకునే పన్నెండుమంది గుంటలు ఎక్కడ కుట్టుకోవాలని అడిగినాను. ఇంటికి పొమ్మను అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాదని చెప్పుకోడానికి ఈ నాలుగు గోడలే ఉన్నాయమ్మా. ఏడ్చినాను, తిండి మానేసినాను. వినే మనిషి కాడు. చేసేది లేక సత్యం మేస్త్రి తీస్తే సరే అన్నాను."

ఆ మాటలంటున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఎప్పుడో వేరే ఊళ్ళో జరిగినది చెబుతున్నట్టు చెప్పింది.

"మీ పుట్టింటి నుంచి ఎవరూ రాలేదే?"

"అక్కడా చావే కదమ్మా. సైకిల్ షాపు అప్పన్న పెదనాన్న ఒక్కడే నాకున్నది. ఆయనా అదే పొద్దున పోనాడు."

"తాయారుగారూ, మీరు జాగ్రత్తగా ఉండాలి. ఆ అటక మీ కోసం పెట్టిన ఉచ్చు అని నాకనిపిస్తోంది."

తాయారు యమున మొహంలోకి చూసింది. "నన్ను సంపేంత ఖాళీ ఎవులికున్నాదమ్మా," అని చిన్నగా నవ్వి, ఆడపడుచులు పిలుస్తుంటే లేచి పెరట్లోకి వెళ్ళింది.

ఆ నవ్వు యమున దగ్గరే ఉండిపోయింది. గుమ్మంలో శ్రావణి అనే అమ్మాయి మంచినీళ్ళ చెంబుతో వచ్చి నిలబడింది. పన్నెండుమందిలో పెద్దది, ఇంటి పనిలో సాయానికి వచ్చింది. గురువారం పూజ చూడాలని ఆ అమ్మాయి ఏడింటికే ఇక్కడికి చేరిందట.

"కోటబొమ్మాళి ఫోను వచ్చినప్పుడు నువ్వున్నావా?"

"ఉన్నాను మేడం. టీచరుగారు చెవి దగ్గిరెట్టుకుని ఏడ్చినారు."

"ఫోను మోగడం విన్నావా?"

"విన్నాను. అది రోజూ మోగుతాది కదా."

"రోజూనా?"

"ఏడూ పదికి మేడం. ఏడున్నరకి మా క్లాసు. మిషన్ల మీద చీరలు తియ్యాలని టీచరుగారు అలారం ఎట్టుకున్నారు. ఆ రోజూ అదే మోగినాది. అప్పుడే ఫోను కూడా వచ్చీసినాదేటో."

శ్రావణి చెంబు పెట్టి వెళ్ళిపోయింది. యమున దగ్గర్లో ఉన్న మిషను ముందు కూర్చుంది. కాళ్ళు ఆవిడకి తెలియకుండానే కింది తొక్కుడుపలక మీదికి వెళ్ళి తొక్కడం మొదలుపెట్టాయి. దారం లేని సూది ఊరికే కిందికీ పైకీ ఆడుతోంది. ఆ చప్పుడులో ఆవిడకి మళ్ళీ మగత కమ్మింది. మధ్యాహ్నాలు కనిపించాయి. పిల్లలు వెళ్ళిపోయాక, మొగుడు పొలం వెళ్ళాక, ఒకావిడ బల్ల ఎక్కి బొంత సూదితో ఇటుకల మధ్య సున్నం గీకుతోంది. ఒడిలో సున్నం పిండిలా రాలుతోంది. ఇటుక కదిలితే చేతికి అందినది, తన చేతికి రోజూ అందేది, ఓ గుడ్డపీలిక తీసి మూడు మడతలు పెట్టి దోపుతోంది. పది రోజుల పాటు, తొందర లేకుండా. కలలో ఆ మనిషి మొహం ఇటు తిరగలేదు. తిరగకపోయినా యమున గుర్తుపట్టింది.

మిషను ఆగింది. ఇంజినీరు మనుషులు ఎవరినీ ఇటుక తియ్యమనరు. ఎవరో ఒకరు మిషను పెట్టేస్తారు, అంతే. తొలి ఇటుక ఇంటివాళ్ళ చేత తీయించేది సత్యం ఒక్కడే. ఇల్లాలు మైలపడితే భర్త తీస్తాడని సత్యమే చెప్పాడు. ఎవరికి చెప్పాడు? ఎప్పుడు?

యమున హాల్లోంచి అరుగు మీదికి పరిగెత్తింది. టైము నాలుగూ నలభై. సత్యాన్ని అప్పటికే లేపి నిలబెట్టారు.

"ఐదవలేదు," అంది భాస్కర్‌తో.

"జడ్జిగారు తొందరగా ఎల్లిపోతారంట. మీ కునుకు అయిపోయిందా?"

ఆవిడ సత్యం వైపు తిరిగింది. "మేస్త్రిగారూ, ఇల్లాలికి కుదరకపోతే భర్త తీయొచ్చని మీరు ఎవరితో అన్నారు?"

"తాయారమ్మతోనే తల్లీ. పదిరోజుల కిందట మా ఇంటికొచ్చి తాంబూలం ఇచ్చి, పని నువ్వే చెయ్యాల అన్నాది. ఆ రోజు నాకు కుదరకపోతే ఎలాగని తనే అడిగినాది. తనకి తీయాలని లేదేటో అనుకున్నాను, పాపం."

భాస్కర్ విననట్టే జీపు ఎక్కమని సైగ చేశాడు. ఇప్పుడు తను ఏం చెప్పినా అతను దాన్ని కల కింద కొట్టేస్తాడు. యమున వెనక్కి నడిమి గదిలోకి వచ్చి నాలుగు గోడలూ కలయజూసింది. కిటికీ మేకుకి చింతపండు పోసిన గుడ్డసంచి ఒకటి వేలాడుతోంది. దాని మీద ఎర్రక్షరాలు: అప్పన్న సైకిల్ షాపు, స్టేషన్ రోడ్డు, కోటబొమ్మాళి. కింద ఫోను నంబరు. ఆవిడ ఆ నంబరు నొక్కి, ఫోను స్పీకర్లో పెట్టింది. ఏడోసారి మోగాక ఎవరో ఎత్తారు.

"అప్పన్నగారి షాపేనాండీ? గురువారం ఆయన పోయారని తెలిసింది. ఏ వేళప్పుడు పోయారో కనుక్కుందామని."

అవతల పంపుతో గాలి కొడుతున్న చప్పుడు ఆగింది.

"ఎవులు పోనారమ్మా?"

"అప్పన్నగారు. తాయారుగారి పెదనాన్న."

"నానే అప్పన్నని. టూబుకి గాలి కొడతన్నాను. ఇంతకీ నాను పోనానని ఎవులు సెప్పినారమ్మా మీకు?"

యమున తల ఎత్తింది. పెరటి గుమ్మంలో తాయారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆవిడ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. ఫోను ఇవ్వకూడదని యమునకి తెలుసు, అది సాక్ష్యం. అయినా ఆ చెయ్యి చూసి ఇవ్వకుండా ఉండలేకపోయింది.

"పెదనాన్నా," అంది తాయారు.

"తాయారా? నా తల్లే. ఎన్నేళ్ళకి నీ గొంతు విన్నాను. అల్లుడుగారు ఫోన్లో మాటాడనిచ్చినారేటి? తిట్టడు కదా నిన్ను?"

"తిట్టడు పెదనాన్నా. ఇంక తిట్టడు."

వీధిలో జీపు స్టార్టయింది. ఆ వెంటనే ఎలీసమ్మ ఏడుపు ఇంట్లోకి వచ్చింది. మాటలు లేని ఏడుపు అది. తాయారు ఫోను గుండెలకి ఆనించుకుని ఆ ఏడుపు వింది. రెండు రోజులుగా ఏ కదలికా లేని ఆవిడ మొహం ఒక్కసారిగా చెదిరిపోయింది.

"ప్రమాదమని రాసుకుని ఎల్లిపోతారనుకున్నానమ్మా. ఆ ముసలాయన మీదికొస్తాదని, యేసుప్రభువు సాచ్చిగా, కలలో కూడా అనుకోలేదు," అంది. తనది కాని దేవుడి మీద ఒట్టు వేస్తోందని ఆవిడకి తెలియనే లేదు. "నిలబడి సూస్తావేటమ్మా. ఎల్లు. ఆయన్ని దించమని సెప్పు. నాను ఎక్కుతాను."